చేతుల మీదుగా వచ్చు తెగులు

సంతలో కొన్న ఎద్దును తెలివిగల రైతు ఆనాడే తన కొట్టములోని పశువులతో కలిపి కట్టడు. కొన్ని దినములు దానిని వేరుగా కట్టి, మేత వేరుగా వేసి, నీరు వేరొక తొట్టిలో పెట్టి, కనిపెట్టి చూచును. నోట చొంగ కారుచున్నదా, గిట్టల నడుమ పుండ్లు ఉన్నవా అని పరిశీలించును. గాలికుంటు వంటి వ్యాధి ఏదియు లేదని నిశ్చయమైన తరువాతనే దానిని మందలోనికి విడుచును. ఆ ఎద్దుపై అతనికి కోపము లేదు. అమ్మినవానిపై అనుమానమును లేదు. సంతలో అది ఎన్ని ఊళ్ళ పశువుల ప్రక్కన నిలిచినదో ఎవరికిని తెలియదు. ఆ తెలియకపోవుటయే అతని జాగ్రత్తకు కారణము.

విద్యార్థులారా! నేడు మన చేతులలో అట్లే ఊరూర తిరుగు వస్తువు ఒకటి కలదు. దాని పేరు పెన్‌డ్రైవు. అది బొటనవ్రేలంత మాత్రమే ఉండును. కాని ఒక చిన్న గ్రంథాలయములోని పుస్తకములన్నియు అందులో ఇముడును. దానిని కంప్యూటరునకు గల యూఎస్‌బీ ద్వారమున పెట్టినచో, లోని ఫైళ్ళను చదువవచ్చును, క్రొత్తవి వ్రాయవచ్చును. మొబైలు ఫోనులోని మెమరీ కార్డు, జేబులో పట్టు హార్డుడిస్కు మొదలైనవియు ఈ జాతివే. ఇవి మోయు సమాచారముతో పాటు ఒక్కొక్కప్పుడు మనకు కనబడని తెగులును కూడ మోయును. ఆ తెగులు ఎట్టిదో, అది ఎట్లు వ్యాపించునో, దాని నుండి మన కంప్యూటర్లను ఎట్లు కాపాడుకొనవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

అడవి అంచున పెన్‌డ్రైవు

మహబూబాబాద్ జిల్లాలో గంగారం అను మండలము కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలో క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. అంతకు పూర్వము వరంగల్ జిల్లాలో నున్న ఈ ప్రాంతము ఆనాడు మహబూబాబాద్ జిల్లాలో చేరినది. ఇది అడవులు గల సీమ. కోయ గిరిజనులు ఇక్కడ అధికముగా నివసింతురు. ఇట్టి అటవీ ప్రాంతములలో ఇంటర్నెట్ సౌకర్యము పట్టణములలో వలె ఎల్లవేళల నిలుకడగా నుండునని చెప్పజాలము. అది అందని చోట సమాచారమునకు పెన్‌డ్రైవే బండి. పాఠముల వీడియోలు, దరఖాస్తు పత్రములు, ఫోటోలు, ధ్రువపత్రముల ప్రతులు అన్నియు ఆ బండి మీదనే ప్రయాణము చేయును.

ఇట్టి గ్రామమున ఒక విద్యార్థిని ఉపకారవేతనమునకు దరఖాస్తు సిద్ధపరచుకొనినదని ఊహింపుడు. ఆమె దానిని పెన్‌డ్రైవులో ఉంచుకొని మండల కేంద్రములోని జిరాక్సు దుకాణమునకు పోయినది. ఆ దుకాణపు కంప్యూటరులో అదే దినమున నలువది మంది తమ పెన్‌డ్రైవులను పెట్టి తీసిరి. వానిలో ఒకదాని నుండి తెగులు ఆ కంప్యూటరునకు అంటినది. దాని నుండి ఆమె పెన్‌డ్రైవునకు అంటినది. మరునాడు ఆమె బడికి పోయి, పాఠశాల కంప్యూటరులో అదే పెన్‌డ్రైవును పెట్టినది. ఆ కంప్యూటరులో తరగతి పిల్లలందరి మార్కులు, హాజరు పట్టికలు, విద్యార్థుల వివరములు ఉన్నవి. సాయంకాలమునకు ఆ ఫైళ్ళు ఏవియు తెరచుకొనలేదు.

ఆ బాలిక ఎవరికిని కీడు తలపెట్టలేదు. దుకాణదారుడును తలపెట్టలేదు. అయినను కీడు జరిగినది. ఈ తెగులు దుర్మార్గుల చేతుల మీదుగానే గాక, మంచివారి చేతుల మీదుగా కూడ నడచును. దీని స్వభావములో ముఖ్యమైన సంగతి ఇదియే.

తెగులు పుట్టుక

కంప్యూటరు తనంతట తాను ఆలోచింపదు. దానికి వరుసగా ఆజ్ఞలు ఇయ్యవలెను. ఆ ఆజ్ఞల వరుసకు ప్రోగ్రాము అని పేరు. హాని చేయు తలంపుతోనో, యజమాని అనుమతి లేకుండ దొంగచాటుగా పనిచేయు తలంపుతోనో వ్రాసిన ప్రోగ్రామును మాల్‌వేరు అందురు. వాడుకలో జనులు అన్నింటిని కలిపి వైరసు అని పిలుతురు. నిజమునకు వైరసు అనునది మరియొక ఫైలును ఆశ్రయించి వృద్ధి చెందును. వర్మ్ అనునది ఏ ఆశ్రయము లేకుండనే తన ప్రతులను తానే చేసికొని వ్యాపించును. పాలలో వేసిన ఒక్క చుక్క తోడు తెల్లవారునప్పటికి కుండెడు పాలను పెరుగుగా మార్చినట్లు, ఒక్క ప్రతి చాలును, కార్యాలయమంతయు నిండుటకు.

ఈ తెగులు ఇంటర్నెట్‌తో పుట్టినదని పలువురు తలంతురు. అది సరికాదు. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రిచ్ స్క్రెంటా అను పదునైదేండ్ల విద్యార్థి, స్నేహితులను ఆట పట్టించుటకై ఎల్క్ క్లోనర్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది యాపిల్ 2 అను కంప్యూటరులో పనిచేసెడిది. ఆ కాలమున సమాచారమును ఫ్లాపీ డిస్కులలో దాచెడివారు. వ్యాధి గల ఫ్లాపీతో కంప్యూటరును ప్రారంభించినచో, ఆ ప్రోగ్రాము యంత్రపు జ్ఞాపకశక్తిలో దాగియుండి, తరువాత పెట్టిన ప్రతి ఫ్లాపీకిని ఎక్కెడిది. యాబదియవ పర్యాయము ప్రారంభించినప్పుడు తెరపై ఒక చిన్న పద్యము కనబడెడిది. అతడు కోరినది వినోదము మాత్రమే.

1986లో పాకిస్తాన్‌లోని లాహోరు నగరమున బాసిత్ ఫారూఖ్ ఆల్వీ, అమ్జద్ ఫారూఖ్ ఆల్వీ అను సోదరులు బ్రెయిన్ అను వైరసును వ్రాసిరి. తమ సాఫ్ట్‌వేరును ఇతరులు దొంగతనముగా నకలు చేయకుండ చూచుటకే వ్రాసితిమని వారు చెప్పిరి. అందులో తమ పేర్లు, చిరునామా, టెలిఫోను సంఖ్యలు కూడ ఉంచిరి. ఆ వైరసు ఫ్లాపీల మీద ఎక్కి అమెరికా మొదలైన దూరదేశములకు చేరినది. తమ కంప్యూటర్లను బాగుచేయుమని కోరుచు ఆ దేశముల వారు లాహోరునకు టెలిఫోను చేయసాగిరి. అప్పటికి సామాన్య జనులకు ఇంటర్నెట్ అందుబాటులో లేదు. మనుష్యుల సంచులలో కూర్చుండియే ఆ ప్రోగ్రాము సముద్రములు దాటెను. విల్లు విడిచిన అమ్ము వలె, చేతి నుండి వెడలిన ప్రోగ్రాము తిరిగి చేతికి రాదు.

1996 జనవరిలో యూఎస్‌బీ అను క్రొత్త విధానపు మొదటి ప్రమాణము వెలువడినది. అంతకు పూర్వము ప్రింటరునకు ఒక రకము, కీబోర్డునకు వేరొక రకము చొప్పున తీగలు, ద్వారములు ఉండెడివి. అన్నింటికిని ఒక్కటే ద్వారము చాలునట్లు చేసిన ఇంజనీర్లలో ముఖ్యుడు ఇంటెల్ సంస్థలోని అజయ్ భట్. ఆయన మన దేశమున జన్మించి, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవాడు. 2000వ సంవత్సరమున మొదటి పెన్‌డ్రైవులు అంగళ్ళకు వచ్చినవి. వానిలో 8 మెగాబైట్ల సమాచారము మాత్రమే పట్టెడిది. అయినను అది 1.44 మెగాబైట్లు పట్టు ఫ్లాపీ కంటె అయిదు రెట్లకు పైగా ఎక్కువ. ఫ్లాపీ పోయి పెన్‌డ్రైవు వచ్చెను. దానిని ఆశ్రయించిన తెగులు మాత్రము పోలేదు.

తెగులు ప్రవేశించు మార్గములు

పెన్‌డ్రైవులోని మాల్‌వేరు కంప్యూటరులోనికి ముఖ్యముగా నాలుగు మార్గములలో ప్రవేశించును.

మొదటిది ఆటోరన్ అను సదుపాయము. సీడీ పెట్టగానే అందలి ప్రోగ్రాము తనంతట తాను మొదలగుటకై విండోస్ కంప్యూటర్లలో ఈ సదుపాయమును కల్పించిరి. మాల్‌వేరు వ్రాయువారు దీనిని తమకు అనుకూలముగా మార్చుకొనిరి. పెన్‌డ్రైవులో ఆటోరన్ అను పేరుతో ఒక చిన్న ఫైలును దాచి, దాని ద్వారా తమ ప్రోగ్రామును నడపించిరి. వాడుకరి ఏమియు చేయనక్కరలేకపోయెను. ఇంటి యజమాని పిలువకముందే అతిథి వంటయింటిలోనికి పోయినట్లాయెను. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఈ సదుపాయమును తీసివేసెను. 2011 ఫిబ్రవరిలో పాత విండోస్ యంత్రములకు కూడ నవీకరణ ద్వారా దానిని ఆపివేసెను. దానితో ఈ మార్గమున వచ్చు తెగులు చాలవరకు తగ్గినది.

రెండవది మారువేషము. మీ పెన్‌డ్రైవులో పాఠములు అను ఫోల్డరు ఉన్నదనుకొనుడు. మాల్‌వేరు ఆ ఫోల్డరును కనబడకుండ దాచి, అదే పేరుతో, అదే బొమ్మతో ఒక షార్ట్‌కట్టును పెట్టును. దానిని నొక్కగానే ముందు మాల్‌వేరు నడచును. పిమ్మట అసలు ఫోల్డరు తెరచుకొనును. వాడుకరికి తేడా తెలియదు. మన ప్రాంతపు దుకాణములలో షార్ట్‌కట్ వైరసు అని పిలుచునది ఇదియే. బొమ్మ అడుగున మూలన వంకర బాణము గుర్తు ఉన్నచో అది ఫోల్డరు కాదు, షార్ట్‌కట్టు అని తెలిసికొనవలెను.

మూడవది కంప్యూటరులోని లోపము. 2010లో బయటపడిన ఒక మాల్‌వేరు, పెన్‌డ్రైవును తెరచి అందలి బొమ్మలను చూచినంత మాత్రముననే యంత్రములో ప్రవేశించెను. ఏ ఫైలును నొక్కనక్కరలేకపోయెను. విండోస్ ఆ బొమ్మలను చూపు విధానములోనే లోపము ఉండెను. ఇట్టి లోపములను సరిచేయుటకే నవీకరణలు వచ్చుచుండును.

నాల్గవది అన్నింటి కంటె మాయదారి మార్గము. 2014లో కార్‌స్టన్ నోల్, యాకోబ్ లెల్ అను జర్మనీ దేశపు పరిశోధకులు దీనిని అమెరికాలోని లాస్ వేగస్ నగరమున జరిగిన సభలో ప్రదర్శించిరి. దీనికి బ్యాడ్ యూఎస్‌బీ అని పేరు. పెన్‌డ్రైవు లోపల దానిని నడపు ఒక చిన్న ప్రోగ్రాము ఉండును. దానిని మార్చినచో ఆ పెన్‌డ్రైవు, నేను కీబోర్డును అని కంప్యూటరుతో బొంకును. కంప్యూటరు నమ్మును. అప్పుడు ఎవరో కూర్చుండి టైపు చేయుచున్నట్లుగా అది ఆజ్ఞలు పంపును. ఫైళ్ళను మాత్రమే వెదకు ఆంటీవైరస్ దీనిని పసికట్టుట కష్టము.

జరిగిన నష్టములు

2008 నవంబరులో కాన్‌ఫికర్ అను వర్మ్ బయలుదేరెను. అది ప్రవేశించుటకు వాడుకొనిన లోపమును సరిచేయు నవీకరణ అంతకు ముందు నెలలోనే వెలువడినది. దానిని చేర్చుకొననివారు దెబ్బతినిరి. మొదట అది నెట్‌వర్కుల ద్వారా వ్యాపించెను. తరువాతి రూపములో పెన్‌డ్రైవుల మీద కూడ ఎక్కెను. లక్షల కొలది కంప్యూటర్లకు అది అంటినది. 2009 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపాలక సంస్థ కార్యాలయములోనికి అది ప్రవేశించినది. ఒక పెన్‌డ్రైవు ద్వారా వచ్చియుండునని అక్కడివారు భావించిరి. ఆ ఒక్క కార్యాలయమునకు కలిగిన మొత్తము ఖర్చు సుమారు 15 లక్షల పౌండ్లు. ఆ పిమ్మట వారు తమ కంప్యూటర్లలో పెన్‌డ్రైవుల వాడుకను నిషేధించిరి.

2008లోనే అమెరికా సైన్యమునకు కూడ ఇట్టి అనుభవము కలిగినది. పశ్చిమాసియాలోని ఒక సైనిక స్థావరమున ఎవరో ఒక పెన్‌డ్రైవును ల్యాప్‌టాప్‌లో పెట్టిరి. అందలి మాల్‌వేరు సైన్యపు రహస్య నెట్‌వర్కులోనికి కూడ ప్రాకినది. దానిని సంపూర్ణముగా తొలగించుటకు దాదాపు పదునాలుగు నెలలు పట్టెను. అంతటి బలము గల సైన్యమును శత్రువు గోడ బ్రద్దలుగొట్టి జయింపలేదు. లోపలివారి చేతితోనే లోనికి వచ్చెను.

2010 జూనులో బెలారస్ దేశపు ఒక చిన్న సంస్థ స్టక్స్‌నెట్ అను వర్మ్‌ను కనుగొనెను. బొమ్మలు చూచినంతనే ప్రవేశించునది అని పైన చెప్పినది దీనినే. దీని గురి ఇరాన్ దేశములోని నతాంజ్ అను చోట యురేనియమును శుద్ధి చేయు కర్మాగారము. అక్కడి యంత్రములకు ఇంటర్నెట్ సంబంధము లేదు. అట్లు వేరుపరచుట చేత అవి సురక్షితములని తలంచిరి. కాని మనుష్యులు మోయు పెన్‌డ్రైవులకు ఆ వేర్పాటు అడ్డము కాలేదు. స్టక్స్‌నెట్ అక్కడి సెంట్రిఫ్యూజ్ అను తిరుగుడు యంత్రముల వేగమును రహస్యముగా మార్చి వానిని చెడగొట్టెను. సుమారు వేయి యంత్రములు పాడైనవని నిపుణుల అంచనా. ఆ వర్మ్ అక్కడితో ఆగలేదు. ఇరాన్ తరువాత ఇండోనేషియాలోను, మన భారతదేశములోను కూడ అనేక కంప్యూటర్లలో కనబడినది. ఒకని కొరకు త్రవ్విన గోతిలో ఊరివారెల్లరు పడినట్లాయెను.

ఈ మూడు ఉదాహరణములను కలిపి చూచినచో ఒక సంగతి తేటపడును. మా కంప్యూటరునకు ఇంటర్నెట్ లేదు, కావున మాకు భయము లేదు అను మాట నమ్మదగినది కాదు. ఇంటర్నెట్ లేనిచోట పెన్‌డ్రైవు వాడుక మరింత ఎక్కువ. ఆంటీవైరస్‌కు క్రొత్త సమాచారము అందుటయు అక్కడ ఆలస్యమగును. కావున గంగారం వంటి అటవీ ప్రాంతపు బడికి ఈ జాగ్రత్త మహానగరపు బడికంటె ఎక్కువ అవసరము.

హైదరాబాదులో సిద్ధమైన రక్షణ

ఈ తెగులునకు మందు వెదకినవారిలో మన హైదరాబాదు వారును కలరు. సి-డాక్ అనునది 1988లో పుణెలో స్థాపింపబడిన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ. హైదరాబాదులోని దాని శాఖవారు యూఎస్‌బీ ప్రతిరోధ్ అను సాఫ్ట్‌వేరును తయారుచేసిరి. 2017 ఫిబ్రవరి 21వ తేదీన కేంద్ర ప్రభుత్వము సైబర్ స్వచ్ఛతా కేంద్రమును ప్రారంభించినప్పుడు దీనిని కూడ ప్రజలకు విడుదల చేసిరి. మాల్‌వేరు సోకిన కంప్యూటర్లను గుర్తించి శుభ్రపరచుటలో ప్రజలకు తోడ్పడుట ఆ కేంద్రము యొక్క ఉద్దేశము. సెర్ట్-ఇన్ అను జాతీయ సంస్థ దానిని నడపును.

యూఎస్‌బీ ప్రతిరోధ్ పనిచేయు తీరు మన ఊరి కావలివాని తీరును పోలియుండును. ఏ పెన్‌డ్రైవును ఎవరు వాడవచ్చునో ముందుగా నమోదు చేయవలెను. నమోదైనదానిని పెట్టినప్పుడు పేరు, రహస్యపదము అడుగును. నమోదు కానిదానిని లోనికి రానీయదు. పెన్‌డ్రైవు తనంతట తాను ప్రోగ్రాములు నడపకుండ ఆపును. మాల్‌వేరు ఉన్నదేమో వెదకును. చదువుటకు మాత్రమే అనుమతించి వ్రాయుటకు అనుమతింపకుండ కూడ కట్టడి చేయవచ్చును. ఫైళ్ళను గూఢలిపిలోనికి మార్చి దాచు సదుపాయమును కలదు. అందుచేత పెన్‌డ్రైవు పోయినను దొరికినవాడు చదువలేడు.

కావలివాడు ఎంత మంచివాడైనను, ఇంటివారే పెరటి తలుపు తెరచియుంచినచో అతడేమి చేయగలడు? కావున మనము పాటింపవలసిన నియమములను తెలిసికొనవలెను.

పాటింపదగిన నియమములు

1. దారిలో దొరికిన పెన్‌డ్రైవును కంప్యూటరులో పెట్టరాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పరిశోధకులు 297 పెన్‌డ్రైవులను ఆవరణలో అక్కడక్కడ పడవేసి, ఏమగునో చూచిరి. 2016లో వెలువడిన వారి వ్యాసము ప్రకారము 290 పెన్‌డ్రైవులను జనులు ఏరుకొనిరి; 135 పెన్‌డ్రైవులలోని ఫైళ్ళను తెరచిరి. యజమానికి తిరిగి ఇయ్యవలెనను సదుద్దేశముతోనే తెరచితిమని చెప్పినవారు వారిలో అధికులు. దొరికిన వస్తువును ఉపాధ్యాయునకో, కార్యాలయాధికారికో అప్పగింపుడు. తెరచి చూచుట మన పని కాదు.

2. పరులది గాని, పరుల కంప్యూటరులో పెట్టి తెచ్చిన మీది గాని, పెన్‌డ్రైవును పెట్టిన వెంటనే తెరువరాదు. దాని బొమ్మపై మౌసు కుడిమీట నొక్కి, స్కాన్ అను ఆజ్ఞను ఎన్నుకొని, ఆంటీవైరస్ చేత పరీక్ష చేయింపవలెను. విండోస్ 10, విండోస్ 11 యంత్రములలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అను ఆంటీవైరస్ వేరుగా కొనకుండనే ఉండును. ఆటోప్లే అను సదుపాయమును సెట్టింగులలో ఆపివేయుట మంచిది.

3. కంప్యూటరును, ఆంటీవైరస్‌ను ఎప్పటికప్పుడు నవీకరింపవలెను. నిరుటి మందు ఈ యేటి తెగులునకు పనిచేయకపోవచ్చును. విండోస్ 10 యంత్రములకు మైక్రోసాఫ్ట్ ఇచ్చు సాధారణ నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అంతకంటె పాత యంత్రములకు ఎప్పుడో ముగిసినవి. అట్టి యంత్రములు బడిలో ఉన్నచో పెన్‌డ్రైవుల విషయమున రెట్టింపు జాగ్రత్త అవసరము.

4. ఫైళ్ళ పేర్ల చివర నుండు అక్షరములు కనబడునట్లు అమర్చుకొనవలెను. ఫోటో అని తలంచిన ఫైలు పేరు చివర ఈఎక్స్‌ఈ అను అక్షరములున్నచో అది ఫోటో కాదు, ప్రోగ్రాము. దానిని నొక్కరాదు.

5. దినదినమును చేయు పనులకు సర్వాధికారములు గల అడ్మినిస్ట్రేటరు ఖాతాను వాడరాదు. సామాన్య ఖాతాలో పనిచేసినచో, మాల్‌వేరు ప్రవేశించినను అది చేయగల హాని కొంత తగ్గును.

6. దుకాణమునకు తీసికొనిపోవు పెన్‌డ్రైవును వేరుగా ఉంచుకొనవలెను. అందులో అచ్చు వేయింపవలసిన ఫైలు తప్ప మరేదియు ఉండరాదు. ఇంటి పత్రములు, కుటుంబపు ఫోటోలు గల పెన్‌డ్రైవు ఇల్లు దాటరాదు. మొబైలు దుకాణములో పాటలు ఎక్కించుటకిచ్చు మెమరీ కార్డు విషయమునను ఈ నియమమే వర్తించును.

7. ముఖ్యమైన ఫైళ్ళకు మూడు ప్రతులు ఉండవలెను. వానిని రెండు రకముల సాధనములలో దాచవలెను. ఒక ప్రతి వేరొకచోట ఉండవలెను. రైతు విత్తనములనన్నింటిని ఒకే గాదెలో పోయడు గదా!

తెగులు సోకినచో

ఎంత జాగ్రత్తగా నున్నను ఒక్కొక్కప్పుడు తెగులు సోకవచ్చును. ఫోల్డర్లు మాయమైనను, ఎరుగని షార్ట్‌కట్లు కనబడినను, కంప్యూటరు కారణము లేకుండ మందగించినను అనుమానింపవలెను. వెంటనే పెన్‌డ్రైవును తీసివేయవలెను. కంప్యూటరును ఇతర యంత్రములతో కలుపు తీగను విడదీయవలెను. అదే పెన్‌డ్రైవును, ఇక్కడ తెరచుకొనునేమో చూతమని మరియొక కంప్యూటరులో పెట్టరాదు. తెగులు ఒక గది నుండి మరియొక గదికి వ్యాపించుట చాలవరకు ఈ ప్రయత్నము చేతనే జరుగును.

షార్ట్‌కట్ వైరసు సోకినప్పుడు అసలు ఫైళ్ళు సాధారణముగా నశింపవు; దాచబడియుండును. కావున కంగారుపడి పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయరాదు. చేసినచో దాచబడినవి కూడ పోవును. తెలిసినవారి చేత ముందు మాల్‌వేరును తొలగింపజేసి, ఫైళ్ళను వెలికి తీయించి, ఆ పిమ్మట అవసరమైనచో ఫార్మాట్ చేయవలెను.

అన్నింటి కంటె ముఖ్యమైనది, జరిగినదానిని దాచకుండ చెప్పుట. నా పెన్‌డ్రైవు వలన వచ్చినదని చెప్పినచో దండింతురేమో అని విద్యార్థి భయపడి ఊరకుండును. ఆ మౌనము వలన మరి పది యంత్రములు చెడును. దాచిన జ్వరము ఇంటిల్లిపాదిని పడవేయును. కావున విద్యార్థి నిర్భయముగా చెప్పవలెను. పెద్దలు కోపపడక వినవలెను. చెప్పినవానిని దండించు బడిలో రెండవమారు ఎవరును చెప్పరు.

చట్టము, కర్తవ్యము

తెలియక మోసినవాని సంగతి వేరు, తెలిసి ఎక్కించినవాని సంగతి వేరు. మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము, యజమాని అనుమతి లేకుండ ఒకరి కంప్యూటరులో వైరసును ప్రవేశపెట్టుట తప్పు. కపటముతో గాని, మోసపు తలంపుతో గాని అట్లు చేసినవానికి మూడేండ్ల వరకు కారాగారవాసము గాని, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 1982 నాటి విద్యార్థి వినోదమునకై చేసిన పనిని నేడు ఎవరైనను చేసినచో అది వినోదమని తప్పించుకొనుట కష్టము. నేడు కంప్యూటర్లలో ఆటపాటలు మాత్రమే లేవు. వృద్ధుల పింఛనులు, రైతుల భూముల వివరములు, రోగుల పరీక్షా ఫలితములు, మీ చదువుల ధ్రువపత్రములు అన్నియు అందులోనే ఉన్నవి.

ఇంతగా చెప్పుట పెన్‌డ్రైవును మానివేయుమని కాదు. దారి సరిగా లేని ఊరికి అది పుస్తకములను, పాఠములను మోసికొనివచ్చినది. దాని మేలు గొప్పది. బావి నీటిని వడగట్టి త్రాగుదుమే గాని, బావిని పూడ్చుకొనము. అట్లే పరీక్షించి వాడుకొందము.

కంప్యూటరు తనలో పెట్టినదానిని నమ్మును; తనంతట తాను పెట్టినవాని మంచిచెడులు విచారింపజాలదు. ఆ విచారణ మనుష్యునిది. మన బడిలోని ఒక్క కంప్యూటరును మన తరువాత వచ్చు పిల్లలు కూడ వాడుకొనవలెను. దానిలో పెన్‌డ్రైవు పెట్టబోవు ప్రతి విద్యార్థియు ఒక నిమిషము ఆగి పరీక్ష చేయించినచో, ఆ నిమిషము వారందరికి చేసిన మేలగును.

ప్రశ్నలు

1. సంతలో కొన్న ఎద్దును రైతు వేరుగా కట్టుటకు కారణమేమి? పెన్‌డ్రైవునకు అది ఎట్లు వర్తించును?
2. వైరసునకు, వర్మ్‌నకు గల భేదమును తెలుపుడు.
3. ఇంటర్నెట్ లేని కంప్యూటరు సురక్షితమని ఎందుకు చెప్పజాలము? నతాంజ్ ఉదాహరణముతో వివరింపుడు.
4. యూఎస్‌బీ ప్రతిరోధ్ చేయు పనులను వ్రాయుడు.
5. మీ పాఠశాల కంప్యూటరు గదిలో గోడకు అంటించుటకు తగినట్లు అయిదు నియమములను మీ సొంత మాటలలో వ్రాయుడు.